విరిగిన కారు ముక్కని ఇంట్లోనే గట్టిగా అతికించడం ఎలా

పక్క అద్దానికి వెనకవైపు ఉండే ప్లాస్టిక్ డొప్పని ఎవరో రాసుకుంటూ పోయారు. అది నిలువునా చీలి, ఊడటానికి సిద్ధంగా ఉన్న పాలపన్నులా వేలాడుతోంది. కొత్తది కొందామంటే డొప్ప విడిగా రాదు, అద్దం సెట్టు మొత్తం మార్చాలంటారు. సరిగ్గా ఇలాంటప్పుడే మన చెయ్యి ఇంట్లో ఉన్న సూపర్ గ్లూ ట్యూబు మీదికి పోతుంది.

నా చెయ్యీ పోయింది. చీలిక పొడవునా పైనుంచి ట్యూబు మొత్తం పిండి, ఒక నిమిషం నొక్కి పట్టుకుంటే రాయిలా బిగుసుకుంది. వేలు కూడా దాంతోపాటే అతుక్కుంది, అది వేరే సంగతి. నెల తిరక్కుండానే ఒక ఎండపూట తలుపు కాస్త విసురుగా వేసేసరికి ముక్క టప్పున రాలిపడింది. తీసి చూస్తే జిగురు గాజు పెంకులా పొరగా లేచి వచ్చింది. దాని కింద ప్లాస్టిక్కు నున్నగా మెరుస్తోంది. జిగురు విరగలేదు, అసలు పట్టుకోనే లేదు! కారు కడిగిన ప్రతిసారీ నేనే ముచ్చటపడి పూసిన పాలిష్ మైనం అక్కడ ఉంది. జిగురు మైనానికి అంటుకుంది, మైనం ప్లాస్టిక్‌ని వదిలేసింది.

అందుకే ఇక్కడ జిగురు పూయడం గురించి తక్కువ, పూయకముందు చేసే పని గురించి ఎక్కువ చెబుతాను. అద్దం డొప్పనే ఉదాహరణగా తీసుకుని మొదటినుంచి చివరిదాకా వెళ్దాం. బంపరు, రబ్బరు బీడింగు, అద్దం పలక లాంటివి తర్వాత.

ముందు తేల్చుకోవాల్సింది: దీన్ని అతికించవచ్చా?

ఊడితే ఏమవుతుందని అడగండి. డ్యాష్‌బోర్డు అర మూత ఊడితే చిరాకు, అంతే. బ్రేకుకి సంబంధించినది ఊడితే ప్రాణాలమీదికి వస్తుంది. బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షను, చక్రాలు, సీటు బెల్టులు, పెట్రోలు ట్యాంకు, పెట్రోలు గొట్టాలు, వీటి జోలికి ఏ జిగురుతోనూ వెళ్లొద్దు. ఎయిర్‌బ్యాగు ఉన్న మూతల్ని కూడా అతికించకూడదు. అవి ఒక పద్ధతి ప్రకారం చీలేలా తయారవుతాయి. మీరు గట్టిగా అతికిస్తే బ్యాగు సరిగా తెరుచుకోకపోవచ్చు, లేదా ఆ ముక్కే విసురుగా వచ్చి మొహానికి తగలొచ్చు.

ముందు అద్దం, అంటే విండ్‌షీల్డు, పగిలితే దాని మీద సూపర్ గ్లూ పోసే పని కూడా వద్దు. విండ్‌షీల్డుని బాడీకి పాలీయురెథేన్ జిగురుతో అతికిస్తారు, అది కారు గట్టిదనంలో భాగం. చాలా కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగు విచ్చుకునేటప్పుడు ఆనుకునేది ఆ అద్దాన్నే. చిన్న రాయి దెబ్బకి పడిన చుక్కంత గాటుని నింపడానికి అతినీలలోహిత కాంతికి గట్టిపడే రెసిన్ వేరే ఉంది. ఆ పని తెలిసినవాళ్లకి వదిలేయండి.

రేడియేటరు ప్లాస్టిక్ ట్యాంకు చీలితే ఎపాక్సీ పూసి నడిపేస్తామనేవాళ్లు కనిపిస్తారు. ఆ నీళ్లు దాదాపు 90 నుంచి 100 డిగ్రీల వేడిలో, ఒత్తిడిలో ఉంటాయి. మామూలు ఎపాక్సీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలెడుతుంది. బండిని మెకానిక్కు దగ్గరికి చేర్చేదాకా అనుకుంటే సరే, అదే మరమ్మత్తు అనుకుంటే ఇంజను చేతికొస్తుంది.

ఇవి పోగా మిగిలినవన్నీ మనవే. అద్దం డొప్పలు, లోపలి ట్రిమ్ము, ఏసీ గాలి రెక్కలు, అర తలుపు కొక్కేలు, బంపరు చీలికలు, పేరు బిళ్లలు, తలుపు రబ్బర్లు.

విరిగింది ఏ ప్లాస్టిక్కో కనుక్కోండి

ఈ మెట్టుని అందరూ దాటేస్తారు. ముక్క ఊడదీసి లోపలివైపు తిప్పి చూడండి. రెండు కోణపు గుర్తుల మధ్య చిన్న అక్షరాలు పోతపోసి ఉంటాయి. ఏబీఎస్ అని ఉంటే మీ అదృష్టం, ఏ మంచి జిగురైనా పట్టుకుంటుంది. పీసీ, అంటే పాలీకార్బొనేట్, లేదా పీసీ, ఏబీఎస్ రెండూ కలిపి రాసి ఉన్నా ఫరవాలేదు. పీఏ అని ఉంటే అది నైలాను, మొండిదే కానీ గరుకు చేస్తే దారికొస్తుంది. పీపీ అని కనబడితే మాత్రం ఆగండి. అది పాలీప్రొపైలీన్. బంపర్లలో ఎక్కువగా వాడేది అదే, దానికి కాస్త రబ్బరూ టాల్కు పొడీ కలుపుతారు. పెరుగు డబ్బాలూ మూతలూ చేసే జాతి అది. దానికి ఏదీ అంటదు, ఆ డబ్బాల్లో మనం జిగురు కలుపుకునేది కూడా అందుకే.

గుర్తు కనబడకపోతే కనపడని మూల నుంచి బ్లేడుతో చిన్న తురుము తీసి, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపిన నీళ్లలో వేయండి. తేలితే అది పీపీ గానీ పాలీఎథిలీన్ గానీ అయ్యుంటుంది. ఏబీఎస్ మునుగుతుంది. ఒక చిక్కుంది. టాల్కు బాగా కలిపిన పీపీ కూడా మునగొచ్చు. కాబట్టి గోటితో గీకి కూడా చూడండి. కొవ్వొత్తి మీద గీకినట్టు జారుతూ ఉంటే పీపీనే అనుమానించండి. ఇంకో పరీక్ష, శుభ్రం చేసి గరుకు చేసిన చోట నీటి చుక్క వేయండి. పరుచుకుంటే జిగురూ పరుచుకుంటుంది. తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుంటే జిగురూ అలాగే ముడుచుకుంటుంది.

మా అద్దం డొప్ప ఏబీఎస్. ఇకపై చెప్పేది దాని గురించి.

ఏ జిగురు తేవాలి

సూపర్ గ్లూ అసలు పేరు సయనోఅక్రిలేట్. 1942లో ఈస్ట్‌మన్ కొడాక్‌లో హ్యారీ కూవర్ బృందం తుపాకి గురి అద్దాలకి పనికొచ్చే పారదర్శక ప్లాస్టిక్కు కోసం వెతుకుతూ దీన్ని చూసింది. ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటోందని పక్కన పడేసింది. అంగట్లోకి వచ్చింది 1958లో. ఇది గాలిలోని, వస్తువు మీదున్న తేమతో గట్టిపడుతుంది, ఆరడం వల్ల కాదు. అందుకే పొర ఎంత పల్చనైతే అంత బలం. లావుగా పోస్తే లోపల ఎంతసేపటికీ జిగటగానే ఉంటుంది. రెండు అంచులు ఖాళీ లేకుండా పొదిగినట్టు కలిసే చోట దీన్ని మించింది లేదు. కానీ గట్టిపడ్డాక పెళుసు. తలుపు వేసినప్పుడల్లా తగిలే అదురు, వేడి, వంపు, ఈ మూడూ దానికి గిట్టవు.

ఎపాక్సీ రెండు ట్యూబులుగా వస్తుంది, ఒకటి రెసిన్, ఇంకోటి హార్డెనర్. ఆరల్డైట్ అంటే అందరికీ తెలిసేది ఇదే. సందులు నింపుతుంది, నీళ్లకి నిలుస్తుంది, జాలీతో కలిస్తే పలకలా బిగుస్తుంది. ఎమ్-సీల్ లాంటి ముద్ద రకాలు కూడా ఎపాక్సీలే, కాకపోతే మట్టిలా పిసికి పెట్టుకోవచ్చు. విరిగిన కొక్కేన్ని మళ్లీ మలచడానికి ముద్ద బాగుంటుంది, చీలికకి ద్రవం బాగుంటుంది.

గ్లూ గన్నుతో కరిగించి పోసే కర్రలు కారులో వాడకండి. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటగలదు. మామూలు గ్లూ కర్ర ఆ వేడికి మళ్లీ మెత్తబడుతుంది. సాయంత్రానికి మీ మరమ్మత్తు తివాచీ మీద ఉంటుంది.

నేను ఈ పనికి రెండూ వాడతాను. సూపర్ గ్లూ నాలుగు చుక్కలు ముక్కని సరైన చోట నిలబెట్టడానికి, బరువు మోయడానికి ఎపాక్సీ. కుట్టేటప్పుడు ముందు పోగులేసి తర్వాత గట్టి కుట్టు వేస్తాం కదా, అలా.

జిగురుకి ఏది ఇష్టం, ఏది కాదు

ఒక టేపు ముక్కని బల్లకి అంటించి, బల్ల వెంబడి పక్కకి లాగి చూడండి. కదలదు. అదే మూల గోటితో లేపి పైకి లాగండి, సులువుగా వచ్చేస్తుంది. జిగురంతా ఇంతే. పక్కకి జారే బలాన్ని మొత్తం వైశాల్యంతో మోస్తుంది. అంచునుంచి పొరలా లేపితే ఒక్క సన్నటి గీత మాత్రమే మోయాలి, తెగిపోతుంది. డొప్ప అంచు మందం 2, 3 మిల్లీమీటర్లే. అంచుకి అంచు అతికించి వదిలేస్తే, దాన్ని వంచిన ప్రతిసారీ ఆ సన్నటి గీత మీదే భారం పడుతుంది. కాబట్టి వెనకవైపు వెడల్పుగా ఒక పట్టీ వేయాలి, అప్పుడు భారం దాని మీద పరుచుకుంటుంది. చిరిగిన చొక్కాకి అంచులు కలిపి కుట్టడం కంటే లోపల మాసిక వేస్తే ఎందుకు నిలుస్తుందో, ఇదీ అందుకే.

పని మొదలు

డొప్పని పూర్తిగా ఊడదీయండి. కారు మీదే ఉంచి అతికించాలని చూస్తే వెనకవైపు అందదు. చాలా డొప్పలు క్లిప్పులతోనే ఉంటాయి. అద్దం పలకని ఒక చివరికి వంచి లోపల చూస్తే కనిపిస్తాయి. ఇనప స్క్రూడ్రైవరుతో పొడవకండి, ప్లాస్టిక్ చెంచా కాడ లాంటిదైతే గీతలు పడవు. విరిగిన ముక్కలన్నీ ఏరి ఉంచండి, గోరంత ముక్కైనా సరే. తర్వాత ఆ ఖాళీ నింపడం కంటే ఆ ముక్క పెట్టడం తేలిక.

జిగురు లేకుండా ఒకసారి ముక్కలన్నీ కూర్చి చూడండి. ఎక్కడైనా కలవకపోతే, అంచు వంగి తెల్లబడి ఉంటే, హెయిర్ డ్రయరుతో వెచ్చబెట్టి చేత్తో సర్దండి. ఏ ముక్క తర్వాత ఏది పెట్టాలో కూడా ఇప్పుడే తెలిసిపోవాలి. ఎపాక్సీ కలిపాక ఆలోచించడానికి టైము ఉండదు.

ఇప్పుడు శుభ్రం చేయాలి. వరుస ముఖ్యం. ముందు సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన తెల్లగుడ్డతో ఒకే దిశలో తుడవండి, గుడ్డ మురికైతే మడత మార్చండి. ఆ తర్వాతే ఉప్పుకాగితం. ముందే రుద్దితే పాలిష్, నూనె ఆ గీతల్లోకి దిగి కూర్చుంటాయి, ఇక పోవు. 80 నంబరు కాగితంతో వెనకవైపు చీలికకి రెండు పక్కలా మూడేసి సెంటీమీటర్ల మేర మెరుపంతా పోయేలా రుద్దండి. ధూళిని మళ్లీ ఆల్కహాలుతో తుడవండి. ఇక అక్కడ వేలు పెట్టకూడదు, వేలి జిడ్డు చాలు పనంతా పాడుచేయడానికి. అసిటోన్‌తో తుడవద్దు. అది ఏబీఎస్‌ని కరిగిస్తుంది, పాలీకార్బొనేట్‌కి బీటలు తెస్తుంది.

చీలిక ప్లాస్టిక్కు మధ్యలో ఎక్కడో ఆగిపోయి ఉంటే, ఆ చివర 2 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. పగులు మొన సూదిలా ఉంటుంది, బలమంతా అక్కడ పోగై ముందుకు కోసుకుంటూ పోతుంది. గుండ్రటి రంధ్రం ఆ బలాన్ని చెదరగొడుతుంది. ఈ ఒక్క రంధ్రం మానేస్తే మిగతా పనంతా ఎంత బాగా చేసినా, అతుకు పక్కనుంచి కొత్త పగులు మొదలవుతుంది.

తర్వాత వెనకవైపు చీలిక వెంట కత్తితో గానీ పాత సోల్డరింగ్ ఐరన్ మొనతో గానీ చిన్న కాలువ చేయండి, మందంలో సగం లోతు వరకు. ఐరన్ వాడితే తలుపులు తెరిచి ఉంచండి, ఆ పొగ మంచిది కాదు. ఈ కాలువలో ఎపాక్సీ దిగితే ముందువైపు అంచులు దగ్గరగా ఉంటాయి, వెనక మాత్రం జిగురు నిండుగా ఉంటుంది.

ముందువైపు మాస్కింగ్ టేపుని చీలికకి అడ్డంగా, బిగుతుగా వేయండి. అంచులు ఒకే మట్టంలో ఉన్నాయో లేదో కళ్లు మూసుకుని వేలితో తడిమి చూడండి. కంటికంటే వేలు బాగా పట్టేస్తుంది. సరిపోయాయి అనుకుంటే వెనకనుంచి చీలికలో సూపర్ గ్లూ నాలుగైదు చోట్ల చుక్కలుగా వేసి ఒక నిమిషం కదలకుండా పట్టుకోండి. ఇది పోగులు వేయడం. దీన్ని లాగి పరీక్షించకండి.

జాలీ సిద్ధం చేసుకోండి. గోడ పగుళ్లకి వాడే ఫైబర్‌గ్లాస్ టేపు గానీ, కిటికీ దోమతెర ఫైబర్‌గ్లాస్‌దైతే దాని ముక్క గానీ పనికొస్తుంది. సన్నటి స్టీలు జాలీ అయితే ఇంకా మంచిది. చీలిక కంటే అన్ని వైపులా 2, 3 సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా రెండు ముక్కలు కోయండి, రెండోది మొదటిదానికంటే కొంచెం పెద్దది. మూలలు గుండ్రంగా కోస్తే పైకి లేవవు.

ఇప్పుడు ఎపాక్సీ. నైట్రైల్ చేతి తొడుగులు వేసుకోండి. ఎపాక్సీ ఒంటికి తగిలితే మొదట్లో ఏమీ అనిపించదు. పదేపదే తగిలితే కొందరికి దద్దుర్లు మొదలవుతాయి, ఒకసారి పడకపోవడం మొదలైతే ఇక ఎప్పుడూ పడదు. పాత పెరుగు డబ్బా మూతలో రెండు ట్యూబులనుంచీ సమానంగా పిండండి. పక్కపక్కన రెండు గీతల్లా పిండితే కొలత కంటికి తెలుస్తుంది. పూర్తిగా ఒక నిమిషం కలపండి, అంచులకి అంటుకున్నదాన్ని కూడా గీకి కలపండి. త్వరగా గట్టిపడుతుందని హార్డెనరు కాస్త ఎక్కువ వేసేవాళ్లుంటారు. కారం ఎక్కువైతే కూర ఇంకా ఘాటుగా అయ్యే లెక్క కాదు ఇది. రెసిన్‌తో జత కలవని హార్డెనరు అలాగే మిగిలిపోయి అతుకుని మెత్తగా, జిగటగా ఉంచేస్తుంది.

అయిదు నిమిషాల రకం కలిపితే నిజంగానే అయిదు నిమిషాలే ఉంటుంది, ఎండాకాలమైతే అంతకూడా కాదు. చేయి తిరిగేదాకా నెమ్మది రకమే కొనండి. దానికి బలమూ ఎక్కువే. ఒకేసారి గిన్నెడు కలపొద్దు. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక పొగలు కూడా రావొచ్చు.

కాలువని నింపుతూ మొదటి పొర పూయండి. దానిలో చిన్న జాలీ ముక్కని అదిమి, గాలి బుడగలు పోయేలా ఐస్‌క్రీం పుల్లతో నొక్కండి. మళ్లీ పల్చటి పొర, పెద్ద జాలీ, పైన ఇంకో పొర. జాలీ గళ్లు నిండి, నేత మాత్రం లీలగా కనబడుతుంటే సరిపోయినట్టు. తిరిగి బిగించేటప్పుడు అడ్డం వచ్చే చోట లావుగా వేశారేమో చూసుకోండి. నేనొకసారి ముచ్చటగా మూడు పొరల జాలీ వేసి, తీరా బిగించబోతే అద్దం తిప్పే మోటారుకి తగిలి డొప్ప కూర్చోలేదు. సగం రోజు దాన్ని అరగదీయడంతోనే సరిపోయింది.

బిగించడానికి బట్టల క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు చాలు. మరీ గట్టిగా బిగిస్తే ఎపాక్సీ అంతా బయటికి కారి, మధ్యలో ఏమీ మిగలదు.

ఇల్లు అలకగానే పండగ కాదు. అయిదు నిమిషాల రకమైతే పావుగంటలోనే చేత్తో తాకితే గట్టిగా తగులుతుంది, అప్పుడే బిగించేయాలనిపిస్తుంది. ఒక రోజంతా, అంటే 24 గంటలు, ముట్టుకోకండి. చలి రోజుల్లో ఇంకా ఎక్కువ. తొందరగా ఉంటే బల్బు కింద వెచ్చగా పెట్టండి, పొయ్యి మీద కాదు.

విరిగిన కొక్కెం

డొప్ప చీలితే సాధారణంగా ఒకటో రెండో క్లిప్పు కొక్కేలు కూడా పోతాయి. ఇక్కడే చాలామంది ఓడిపోతారు. కొక్కెం మొదలు అగ్గిపుల్లంత ఉంటుంది, క్లిప్పు పడినప్పుడల్లా వంగుతుంది. అంచుకి అంచు అతికిస్తే మొదటి వంపుకే పోతుంది. పేపరు క్లిప్పు తీగని ముక్కలు చేసి, సోల్డరింగ్ ఐరన్‌తో వేడి చేసి, కొక్కెంలోకీ డొప్పలోకీ సగం సగం దిగేలా గుచ్చండి. చుట్టూ ఎపాక్సీ ముద్ద పెట్టి మొదలు దగ్గర వెడల్పుగా, చెట్టు మొదలులా ఏటవాలుగా మలచండి. పూర్తిగా గట్టిపడ్డాక ఆకురాయితో రూపానికి తెచ్చుకోవచ్చు.

ఏబీఎస్‌కి ఇంకో కిటుకుంది. అదే ప్లాస్టిక్ తురుముని చిన్న గాజు సీసాలో కాస్త అసిటోన్‌లో ఒక రాత్రి నానబెడితే తేనెలాంటి ముద్ద అవుతుంది. అది పూస్తే అసిటోన్ ఎగిరిపోయాక మిగిలేది ఏబీఎస్సే. దాన్ని జిగురు అనడం కంటే పోత అనడం సబబు. ఇందాక అసిటోన్‌తో తుడవద్దన్నది ఎందుకో, ఇప్పుడు అది పనికొస్తున్నదీ అందుకే. మంటకి దూరంగా, గాలి ఆడే చోట చేయండి.

ముందువైపు అందం

టేపు తీశాక సన్నటి గీత కనిపిస్తుంది. దాన్ని కాస్త ఎపాక్సీతో గానీ ప్లాస్టిక్ పుట్టీతో గానీ నింపి, 180 తర్వాత 400, చివరికి నీళ్లతో 800 నంబరు కాగితం రుద్దండి. పైన ప్రైమరు, రంగు. అందం అక్కర్లేదనుకున్నా రంగు మాత్రం వేయండి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి ఎపాక్సీ పచ్చబడి, పైపొర సుద్దలా రాలుతుంది.

బంపరు, అంటే పీపీ ప్లాస్టిక్కు

పైన చెప్పిందంతా పీపీ మీద చేస్తే ఎపాక్సీ పలక మొత్తం బిళ్లలా ఊడి చేతికొస్తుంది. దీనికి దారులు మూడు. జిగురే కావాలంటే జిగురు పట్టేలా చేసే అడ్హీషన్ ప్రమోటర్ అనే స్ప్రే ముందు కొట్టి, బంపర్ల కోసం వచ్చే రెండు భాగాల యురెథేన్ జిగురు వాడాలి. అది గట్టిపడ్డాక కూడా బంపరుతోపాటు వంగుతుంది, ఎపాక్సీ వంగదు.

రెండోది ప్లాస్టిక్ వెల్డింగు. వేడి మొనతో అంచులు కరిగించి, పీపీ కడ్డీనే కరిగించి పోయాలి. దీనికి జిప్ టైలు వాడమని చూపించేవాళ్లున్నారు. జిప్ టై నైలాను. నైలాను, పీపీ కరిగినా కలవవు, నూనె నీళ్ల లాగే. చూడటానికి బాగుంటుంది, పట్టు ఉండదు. పాత బంపరు ముక్క దొరికితే దాన్ని పట్టీలుగా కోసి వాడుకోండి.

మూడోది నాకు ఇష్టమైనది, కుట్టు. వేడి చేసి గుచ్చే స్టీలు స్టేపుళ్లు వెనకనుంచి చీలికకి అడ్డంగా దిగేస్తే ప్లాస్టిక్కు వాటి చుట్టూ గట్టిపడుతుంది. ఆ పరికరం లేకపోతే చీలికకి రెండు వైపులా రంధ్రాలు వేసి జిప్ టైలతో నిజంగానే కుట్టేయండి. అక్కడ జిప్ టై కరగడానికి కాదు, కట్టడానికి, కాబట్టి బాగా పనిచేస్తుంది. చూడ్డానికి ఆపరేషన్ కుట్లలా ఉంటుందనుకోండి. బంపరు వెనక పార్కింగ్ సెన్సారు గానీ రాడార్ గానీ ఉంటే దాని ముందు జాలీ, పుట్టీ, మందపు రంగు ఏవీ వేయకండి.

మిగిలిన చిన్న పనులు

పక్క అద్దం పలక ఊడితే న్యూట్రల్ సిలికోను వాడండి. వెనిగర్ వాసన వచ్చే సిలికోను వద్దు, గట్టిపడేటప్పుడు వదిలే ఆ ఆమ్లం అద్దం వెనక వెండిపూతని తినేస్తుంది. చుక్కలుగా వేసి, టేపుతో పట్టి, ఒక రోజు ఉంచండి. సిలికోను రోజుకి 2, 3 మిల్లీమీటర్ల లోతు మాత్రమే గట్టిపడుతుంది. అద్దం వెనక వేడి చేసే తీగలుంటే ముందు అవి తగిలించండి.

లోపల వెనక చూసే అద్దాన్ని పట్టుకునే బొత్తం విండ్‌షీల్డునుంచి ఊడితే, దాని కోసమే వచ్చే కిట్టు కొనండి. ఒకవైపు జిగురుని గట్టిపరిచే యాక్టివేటరు, ఇంకోవైపు ఒకే ఒక్క చుక్క జిగురు. పాత జిగురుని బ్లేడుతో పూర్తిగా గీకాలి. బొత్తం ఎక్కడ ఉండాలో విండ్‌షీల్డు బయటివైపు టేపుతో గుర్తు పెట్టుకోండి, తలకిందులుగా పెట్టలేదని రెండుసార్లు చూసుకోండి. అక్కడ కెమెరా ఉంటే మీరు చేయొద్దు.

తలుపు రబ్బరు బీడింగు ఊడితే కాంటాక్ట్ జిగురు. రబ్బరుకీ ఇనుముకీ రెండింటికీ పల్చగా పూసి, వేలికి అంటనంతవరకు ఆరనివ్వాలి, అప్పుడు కలపాలి. తడిగా ఉండగానే కలిపేయడం అందరూ చేసే పొరపాటు. కలిశాక జరపడం కుదరదు, కాబట్టి మూలనుంచి కొంచెం కొంచెంగా అదుముతూ వెళ్లండి, సాగదీయకండి. సాగదీస్తే రబ్బరు మళ్లీ ముడుచుకుని చివర్లో సందు పడుతుంది.

పేరు బిళ్లలకీ, తలుపు పక్క పట్టీలకీ జిగురు కంటే రెండు వైపులా అంటే అక్రిలిక్ ఫోము టేపు మేలు. పాతదాన్ని హెయిర్ డ్రయరుతో వేడి చేసి, పళ్ల మధ్య వాడే దారంతో రంపంలా కోస్తూ తీయండి, రంగు పోదు. కొత్తది అంటించాక గట్టిగా అదమండి. మామూలు గది వేడిలో ఇలాంటి టేపుకి 20 నిమిషాల్లో సగం పట్టు, ఒక రోజులో తొంభై శాతం, 72 గంటలకి పూర్తి పట్టు వస్తుంది. ఆ మూడు రోజులూ ప్రెషరు నీళ్లతో కారు కడగకండి. 10 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు అంటించొద్దు.

కారు లోపల పైకప్పుకి ఉండే గుడ్డ కిందికి జారితే పిన్నులు, స్ప్రే జిగురు కొట్టి లాభం లేదు. గుడ్డ వెనక ఉన్న ఫోము పొడిపొడి అయిపోయి ఉంటుంది, మీ జిగురు ఆ పొడికి అంటుతుంది. కప్పు పలక దింపి, ఫోమంతా గీకి, కొత్త గుడ్డ వేయాల్సిందే.

చేతికి అంటుకుంటే

సూపర్ గ్లూతో వేళ్లు అతుక్కుంటే లాగకండి. గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి, ఒక వేలుని ఇంకో వేలి మీద దొర్లించినట్టు మెల్లగా విడదీయండి. గోళ్ల రంగు తీసే ద్రవంలో అసిటోన్ ఉంటే చర్మం మీద అదీ పనిచేస్తుంది. కళ్లలో పడితే అసిటోన్ జోలికి వెళ్లకుండా నీళ్లతో కడుగుతూ వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇంకొకటి, సూపర్ గ్లూని దూదితోనో నూలు గుడ్డతోనో తుడవకండి, నూలు చేతి తొడుగులూ వద్దు. నూలు తగిలితే అది ఒక్కసారిగా గట్టిపడి చర్మం కాలేంత వేడి పుట్టిస్తుంది.

మిగిలిన సూపర్ గ్లూ ట్యూబుని మూత బిగించి, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లంతోపాటు గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పిల్లలకి అందని అరలో. మళ్లీ వాడేముందు బయట పెట్టి, గది వేడికి వచ్చాకే మూత తీయండి. చల్లగా ఉండగా తీస్తే గాలిలో తేమ ట్యూబు మూతి మీద చేరి, లోపలున్నదంతా అక్కడికక్కడే గడ్డకడుతుంది.